పనిచేసే పిల్లలే సంఘం పెట్టుకుంటే: ఆఫ్రికా ఉద్యమంపై తరచుగా అడిగే ప్రశ్నలు

"పనిచేసే పిల్లల సంఘం" అనగానే చాలామందికి ఎక్కడో కలుక్కుమంటుంది. పిల్లలు అసలు పనిలోనే ఉండకూడదు కదా, మళ్ళీ వాళ్ళకు సంఘమేంటి అని. నాకూ మొదట అలాగే అనిపించింది. పడమటి ఆఫ్రికాలో ముప్పై ఏళ్ళ కిందట పుట్టిన ఒక ఉద్యమం గురించి ఎప్పుడు మాట్లాడినా ఎదురయ్యే ప్రశ్నలనూ, వాటికి నేను చెప్పే జవాబులనూ ఇక్కడ రాస్తున్నాను. కొన్నిచోట్ల నా అభిప్రాయం కూడా ఉంటుంది. అది అభిప్రాయమేనని మీకే తెలిసిపోతుంది.

ఈ ఉద్యమం ఏమిటి? ఎక్కడ మొదలైంది?

దీని పేరు ఆఫ్రికా పనిచేసే బాలల, యువజనుల ఉద్యమం. 1994 జూలైలో కోట్ డివార్ దేశంలో (మనం ఐవరీ కోస్ట్ అని చదువుకున్నది) బువాకే అనే పట్నంలో మొదలైంది. సెనెగల్, మాలి, బుర్కినా ఫాసో, కోట్ డివార్‌ల నుంచి పనిచేసే పిల్లలు ప్రతినిధులుగా వచ్చారు. ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిలు, బూట్ పాలిష్ చేసేవాళ్ళు, సంతల్లో చిల్లర సరుకు అమ్ముకునేవాళ్ళు, షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు, ఇలాంటి పిల్లల ఉద్యమం ఇది. తమకు కావలసిన హక్కులు ఏవో అక్కడ కూర్చుని వాళ్ళే లెక్కపెట్టుకున్నారు. పన్నెండు తేలాయి. ఈ రోజుకీ ఉద్యమమంతా ఆ పన్నెండు చుట్టూనే తిరుగుతోంది. నాలుగు దేశాలతో మొదలై తర్వాత ఆఫ్రికాలో ఇరవైకి పైగా దేశాలకు పాకింది.

అంతమంది పిల్లలు ఒక్కసారిగా ఎలా కలిశారు?

ఒక్కసారిగా కలవలేదు. దీని వేళ్ళు సెనెగల్ రాజధాని డకార్‌లో, ఇళ్ళల్లో పాచిపని చేసే అమ్మాయిల దగ్గర ఉన్నాయి. అక్కడి వొలొఫ్ భాషలో పనిమనిషిని ఎంబిందాన్ అంటారు. ఈ అమ్మాయిల్లో చాలామంది సీన్ సాలుమ్ ప్రాంతపు సెరేర్ పల్లెల నుంచి వస్తారు. పంట చేతికొచ్చాక ఊళ్ళో పని ఉండదు, డకార్ బస్సెక్కుతారు. ఒకే ఊరి వాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుంటారు. పగలంతా తలో ఇంట్లో పని, రాత్రికి మళ్ళీ ఒకే గది. ఆ గదిలో మాటలు ఎలా సాగుతాయో ఊహించడం కష్టం కాదు: ఎవరి యజమానురాలు జీతం ఎగ్గొట్టింది, ఎవరి మీద దొంగతనం అంటగట్టారు, ఎవరికి జ్వరమొస్తే పనిలోంచి తీసేశారు.

డకార్‌లో 1972లో మొదలైన ఎండా అనే సంస్థ యువజన విభాగం ఈ అమ్మాయిలతో కలిసి పనిచేసింది. చదవడం, రాయడం నేర్పడం దగ్గర మొదలైంది. 1990ల తొలి రోజుల్లో ఈ అమ్మాయిలు డకార్‌లో మే డే ఊరేగింపులో పెద్దవాళ్ళ కార్మిక సంఘాలతో పాటు నడిచారు. ఇంట్లో ఎవరి కంటికీ ఆనని పనిపిల్లలు నడివీధిలో, కార్మికుల పండగ నాడు, మేమూ కార్మికులమే అంటూ నడవడం చిన్న సంగతి కాదు. బువాకే సమావేశం ఆ తర్వాతిదే.

సరిగ్గా 1994లోనే ఎందుకు?

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగరు గానీ అడగాల్సింది. 1994 జనవరిలో సీఎఫ్‌ఏ ఫ్రాంకు విలువను ఒక్క దెబ్బకు సగానికి తగ్గించారు. అప్పటిదాకా 50 సీఎఫ్‌ఏ ఫ్రాంకులకు ఒక ఫ్రెంచి ఫ్రాంకు వచ్చేది, తెల్లారేసరికి 100 కావలసి వచ్చింది. బువాకేకు ప్రతినిధులను పంపిన నాలుగు దేశాల్లోనూ ఆ డబ్బే నడుస్తుంది. బయటి నుంచి వచ్చే బియ్యం, మందుల ధరలు మండిపోయాయి. అంతకు ముందు పదేళ్ళుగా అప్పులిచ్చిన సంస్థల షరతుల వల్ల బడులకు, ఆసుపత్రులకు ప్రభుత్వాల ఖర్చు తగ్గుతూ వచ్చింది. అంటే బడి ఖరీదైంది, ఇంటి ఖర్చు పెరిగింది, పట్నంలో ఇంట్లో పనికి చిన్నపిల్లే చౌక. ఉద్యమానికి ఇదొక్కటే కారణమని అనను. కానీ ఆ ఏడాది పిల్లల మీద పడ్డ బరువు ఎంతో తెలియకపోతే వాళ్ళు అడిగినవి అర్థం కావు.

ఆ పన్నెండు హక్కులు ఏమిటి?

పని నేర్చుకునే హక్కు, ఊళ్ళోనే ఉండే హక్కు, ప్రమాదం లేని చోట పనిచేసే హక్కు, తేలికైన, పరిమితమైన పని చేసే హక్కు, ఒంట్లో బాగా లేనప్పుడు విశ్రాంతి తీసుకునే హక్కు, గౌరవం పొందే హక్కు, తమ మాట వినిపించుకునే హక్కు, వైద్యం, చదవడం రాయడం నేర్చుకోవడం, ఆడుకోవడం, సంఘం పెట్టుకుని గొంతెత్తడం, చిక్కుల్లో పడితే న్యాయ సహాయం అందుకోవడం.

లాయర్లు కూర్చుని రాస్తే జాబితా ఇలా రాదు. జ్వరమొస్తే పడుకోనివ్వాలి అన్నది ఏ అంతర్జాతీయ ఒప్పందంలో మొదటి పేజీలో ఉంటుంది చెప్పండి? పనిపిల్లకు మాత్రం అదే మొదటి సంగతి. రాసేది అనుభవించినవాళ్ళైతే ఏది ముందుకొస్తుందో ఈ జాబితా చూస్తే తెలుస్తుంది.

"పని నేర్చుకునే హక్కు" వెనక కూడా పెద్ద కథే ఉంది. పడమటి ఆఫ్రికా పట్నాల్లో కుట్టుపని, మెకానిక్ పని, వడ్రంగం అన్నీ ఉస్తాదు దగ్గర ఏళ్ళ తరబడి ఉండి నేర్చుకోవలసిందే. చాలాచోట్ల నేర్పినందుకు ఇంట్లోవాళ్ళే ఎదురు డబ్బు కడతారు. కొందరు ఉస్తాదులు మాత్రం కుర్రాడి చేత షెడ్డు ఊడ్పించడం, టీ తెప్పించడం, ఇంటి పనులు చేయించడంతోనే ఏళ్ళు గడిపేస్తారు. స్పానర్ చేతికివ్వరు. మన మెకానిక్ షెడ్లు చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఊళ్ళోనే ఉండే హక్కా? అదేం హక్కు?

పన్నెండింటిలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇదే. ఇది అడిగిన పిల్లల్లో చాలామంది అప్పటికే పట్నంలో ఉన్నవాళ్ళు. మాకు పట్నంలో మంచి పని ఇప్పించండి అని మాత్రమే అడిగి ఊరుకోవచ్చు. అలా ఊరుకోకుండా, అసలు మేం ఇక్కడికి రావలసిన అవసరం లేకుండా చేయండి అన్నారు. ఊళ్ళో బడి ఉంటే, చేతిపని నేర్పే చోటు ఉంటే, ఎండాకాలంలో నాలుగు డబ్బులు వచ్చే దారి ఉంటే పదమూడేళ్ళ పిల్ల డకార్ బస్సు ఎందుకు ఎక్కుతుంది?

పడమటి ఆఫ్రికాలో పిల్లలను బంధువుల ఇంట్లోనో, కాస్త ఉన్నవాళ్ళ ఇంట్లోనో పెంచడానికి ఇవ్వడం పాత అలవాటు. బెనిన్‌లో అలా వేరే ఇంట పెరిగే పిల్లను ఫోన్ భాషలో విదొమెగాన్ అంటారు. ఒకప్పుడు అది బంధుత్వాన్ని గట్టిపరిచే పద్ధతి, పిల్లకు చదువో పనో దొరికే దారి. దళారులు దూరాక అదే పద్ధతి పిల్లల రవాణాకు ముసుగైంది. 2001 ఏప్రిల్‌లో ఎతిరెనో అనే ఓడ పిల్లలను బానిసలుగా తీసుకుపోతోందన్న వార్తతో ప్రపంచమంతా బెనిన్ వైపు చూసింది. ఈ ఉద్యమంలోని సంఘాలు దళారుల గురించి పల్లెల్లో చెప్పే పని పెట్టుకున్నాయి. పట్నానికి పోవద్దు, అక్కడ ఇలా ఉంటుంది అని పోయివచ్చిన పిల్లే చెబితే వినే తీరు వేరు. ఆఫీసరు చెబితే ఆ తీరు రాదు.

ఘనాలో తమాలే వైపు నుంచి అక్రా సంతలకు వచ్చి నెత్తిన బుట్టతో మూటలు మోసే అమ్మాయిలను కయాయే అంటారు. అందులో "కయా" అంటే హౌసా భాషలో మూట. పాలమూరు వలసలు తెలిసిన మనకు ఈ ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే దారి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలు పనిచేయడాన్ని ఈ ఉద్యమం సమర్థిస్తోందా?

గొడవంతా ఇక్కడే. ఉద్యమం చెప్పేది ఇది: దోపిడీ వద్దు, ప్రమాదకరమైన పని వద్దు, కానీ మా పనినంతటినీ ఒకే గాటన కట్టి నిషేధిస్తే మేం పని మానం, చాటుకు పోతాం. చాటున చేసే పనిలో జీతం ఎగ్గొట్టినా, కొట్టినా ఎవరితో చెప్పుకుంటాం? బానిసత్వం, పిల్లల రవాణా, వ్యభిచారంలోకి దించడం, వీటిని చాలా దేశాల్లోని ఇలాంటి సంఘాలు అసలు "పని" అనే అనవు, నేరాలంటాయి.

వాళ్ళ భయానికి ఆధారం లేకపోలేదు. 1990ల మొదట్లో పిల్లలు కుట్టిన బట్టల దిగుమతిని ఆపాలని అమెరికా పార్లమెంటులో ఒక బిల్లు వచ్చింది. అది చట్టం కాకముందే బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలు భయపడి వేలాది పిల్లలను బయటికి పంపేశాయి. వాళ్ళలో చాలామంది బడికి పోలేదు, రాళ్ళు కొట్టే పనికీ, అంతకంటే అధ్వానమైన వాటికీ పోయారు. 1997 నాటి యునిసెఫ్ వార్షిక నివేదికే ఈ సంగతి రాసింది.

మరి చట్టం ఏమంటుంది?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం ప్రకారం పనికి కనీస వయసు 15. వెనకబడిన దేశాలు 14 పెట్టుకోవచ్చు. తేలికపాటి పనికి 13, కొన్ని దేశాల్లో 12. 1999లో వచ్చిన 182వ ఒప్పందం అతి ఘోరమైన రూపాలను వెంటనే ఆపాలంటుంది. 2020 ఆగస్టులో టోంగా కూడా ఆమోదించడంతో ఆ సంస్థలోని దేశాలన్నీ దాన్ని ఒప్పుకున్నట్టయింది. మన దేశం ఈ రెండింటినీ 2017లో ఆమోదించింది.

ఇక ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒప్పందం (1989) 32వ అధికరణంలో దోపిడీ నుంచి రక్షణ ఉంది. 12లో తన మాట చెప్పుకునే హక్కు, 15లో సంఘం పెట్టుకునే హక్కు కూడా ఉన్నాయి. ఆఫ్రికా దేశాలు 1990లో సొంతంగా రాసుకున్న బాలల హక్కుల పత్రంలో కూడా సంఘంగా ఏర్పడే హక్కు 8వ అధికరణంలో ఉంది. పిల్లల సంఘం చట్టవిరుద్ధం అనేవాళ్ళు ముందు వీటిని చూడాలి.

అది ట్రేడ్ యూనియనా?

కాదు. యాజమాన్యంతో బేరమాడే యూనియన్‌గా నమోదయ్యే వీలు పిల్లలకు చాలా దేశాల్లో లేదు. మన దగ్గరే చూడండి, 2025 దాకా అమల్లో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం సభ్యత్వానికి కనీసం 15 ఏళ్ళుండాల్సి వచ్చేది. పైగా పెద్దల యూనియన్లకు ఈ సంఘాలంటే అనుమానం. చౌకగా దొరికే పిల్లల వల్ల పెద్దవాళ్ళ కూలి పడిపోతుందన్నది వాళ్ళ వాదన, అది తప్పని కూడా అనలేం.

మరి ఆ సంఘాల్లో రోజూ ఏం చేస్తారు?

అనుకున్నంత నినాదాలేమీ ఉండవు. ఒకే వీధి, ఒకే సంత, ఒకే పనిలో ఉన్న పిల్లలు చిన్న గుంపుగా కలుస్తారు. గుంపులన్నీ కలిసి పట్నానికొక సంఘం, ఆపైన దేశానికొకటి. వారానికి కొన్ని రాత్రులు చదువు. ఒకరికి ఒంట్లో బాగా లేకపోతే మందులకు తలా కొంత వేసుకోవడం. సబ్బు తయారీ, బట్టలకు రంగులద్దడం, కుట్టుపని లాంటివి కలిసి చేసి సంఘానికి నాలుగు డబ్బులు కూడబెట్టడం. యజమానురాలి దగ్గరికి ఒక్కర్తే పోకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పోయి జీతం సంగతి మాట్లాడటం. పుట్టిన సర్టిఫికెట్ లేని పిల్లలకు అది తెప్పించడం. ఆ కాగితం లేకపోతే చాలాచోట్ల ప్రాథమిక బడి చివరి పరీక్ష రాయనివ్వరు, కాబట్టి ఇది చిన్న పనేం కాదు. మధ్యమధ్యలో కూర్చుని పన్నెండు హక్కుల్లో ఏది ఎంతవరకు వచ్చిందో చూసుకుంటారు.

పిల్లల వెనక పెద్దవాళ్ళే ఉండి ఆడిస్తున్నారని అంటారు కదా?

పెద్దవాళ్ళు ఉన్నారు, అందులో దాపరికం లేదు. డబ్బు తెచ్చేది, పక్క దేశానికి ప్రయాణం ఏర్పాటు చేసేది, ఫ్రెంచిలో కాగితాలు రాసేది వాళ్ళే. వాళ్ళను "తోడు నడిచేవాళ్ళు" అనే అర్థమొచ్చే ఫ్రెంచి మాటతో పిలుస్తారు. తోడు నడవడం ఎక్కడ ఆగి, నడిపించడం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. నాకు అనుమానమున్న చోటు ఇదే. ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లల సంఘానికి నాయకుడైనవాడు నాలుగేళ్ళకు పిల్లాడిగా ఉండడు. పని నేర్చుకున్నవాళ్ళు పెద్దవాళ్ళై పక్కకు తప్పుకోవాలి, లేదా కుర్చీ పట్టుకుని వేలాడాలి. రెండోది మన రాజకీయాల్లో చూస్తూనే ఉన్నాం.

అయితే ఒక మాట. పెద్దలే రాసిచ్చి ఉంటే ఊళ్ళోనే ఉండే హక్కు, జ్వరమొస్తే విశ్రాంతి హక్కు ఆ జాబితాలోకి వచ్చేవి కావని నా నమ్మకం.

భారతదేశంతో దీనికి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ మన పక్క రాష్ట్రంలోనే. 1996 చివర్లో కర్ణాటకలోని కుందాపురలో ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాలలోని పనిచేసే పిల్లల సంఘాల ప్రతినిధులు మొదటిసారి కలిశారు. కర్ణాటకలో 1990లో మొదలైన భీమ సంఘ పిల్లలదీ, వాళ్ళకు తోడున్న బెంగళూరు సంస్థదీ ఆతిథ్యం. అక్కడ పది అంశాల ప్రకటన వచ్చింది. పిల్లలు తయారుచేసిన సరుకును బహిష్కరించడానికి మేం వ్యతిరేకం, మా గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలో మమ్మల్ని అడగాలి, మా జీవితానికి సరిపడే చదువు కావాలి, పేదరికం అనే మూలాన్ని పట్టుకోండి, ఊళ్ళు వదిలి పోనక్కర్లేకుండా పల్లెల్లో పనులు పెంచండి. ఆఖరిది బువాకేలో విన్న మాటే.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో బాల కార్మికుల సమస్యపై జరిగిన ఆమ్‌స్టర్‌డామ్ సదస్సులో ఈ పిల్లల ప్రతినిధులు మంత్రుల ముందు మాట్లాడారు. అక్టోబరులో ఓస్లో సదస్సుకు వచ్చేసరికి తలుపులు చాలావరకు మూసుకున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థలో ప్రభుత్వాలు, యజమానులు, కార్మిక సంఘాలు, ఈ మూడు పక్షాలకే ఓటు. పనిచేసే పిల్లలు ఈ మూడింటిలో ఎక్కడా లేరు. 182వ ఒప్పందం ఆ గదిలోనే తయారైంది.

మన తెలుగు ప్రాంతంలో దీనికి పూర్తిగా ఎదురు వాదన ఉంది కదా?

ఉంది, గట్టిదే. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పిల్లలను పనిలోంచి బడికి తెచ్చే పని చేసిన ఎం.వి. ఫౌండేషన్ వాదన ఇది: బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. తేలిక పని, కష్టం పని అని గీత గీస్తే ఆ గీత ఎప్పుడూ పేదపిల్లను బడి బయటే ఉంచుతుంది. ఈ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. తర్వాత ఆమె జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు అయ్యారు. ఈ పద్ధతి ఆఫ్రికాకు కూడా వెళ్ళింది. బాల కార్మికులు లేని ఊళ్ళు అన్న ఆలోచన ఉగాండా, జింబాబ్వే లాంటి దేశాల్లో అమలైంది, అక్కడి సంస్థలు మన పల్లెల అనుభవం చూసి నేర్చుకున్నాయి.

అంటే ఆఫ్రికాలో ఇప్పుడు రెండు దారులూ ఉన్నాయి, ఒకటి బువాకే నుంచి, ఇంకోటి మన దగ్గరి నుంచి. నేను ఎటువైపు అంటారా? బ్రిడ్జి కోర్సు (పనిలోంచి వచ్చిన పిల్లలను బడికి సిద్ధం చేసే చదువు) చేసి పదో తరగతి దాకా వచ్చిన పిల్లలను చూసి పెరిగినవాణ్ణి, బడి పక్షమే. అయితే ఆ దారిలో ఇంట్లోవాళ్ళనూ, ఊరినీ, టీచర్లనూ ఒప్పించి ప్రతి పిల్లకూ బడిలో చోటు చూపిస్తారు. చోటు చూపించకుండా చట్టం మాత్రం చూపించే దేశంలో పిల్లకు మిగిలేది సంఘమే. మలావీ 1994లో, ఉగాండా 1997లో, కెన్యా 2003లో ప్రాథమిక బడి ఫీజులు తీసేస్తే పిల్లలు వరదలా వచ్చిపడ్డారు. తరగతులు చాలలేదు, టీచర్లు చాలలేదు. చదువు మీద పిల్లలకు ఇష్టం లేదన్న మాట అప్పుడే అబద్ధమని తేలింది.

ఇంతకీ ఎంతమంది పిల్లలు పనిలో ఉన్నారు?

అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన 2024 అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద సుమారు 13.8 కోట్లు, అందులో 5.4 కోట్లు ప్రమాదకర పనుల్లో. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనే దాదాపు 8.7 కోట్లు. తేలికపాటి ఇంటిపని చేసే పన్నెండేళ్ళ పిల్ల ఈ లెక్కలోకి రాదు, కానీ పన్నెండేళ్ళు నిండని పిల్లలు సంపాదన పనిలో కాసేపున్నా లెక్కలోకి వస్తారు.

ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఈ పిల్లల్లో 61 శాతం పొలాల్లోనే ఉన్నారు. ఉద్యమంపై నాకున్న అసలు ఫిర్యాదు ఇక్కడే. సంతలో ఉన్న పిల్లలకు కలుసుకునే వీలుంది, నలుగురి కంటా పడతారు. సొంత పొలంలో నాన్నతో పనిచేసే పిల్ల ఎవరి మీద సంఘం పెట్టుకుంటుంది? ఉద్యమం తర్వాత పల్లెలకు వెళ్ళింది నిజమే, కానీ దాని పుట్టుక, నడక పట్నానివే.

చాక్లెట్ మానేయాలా?

కోట్ డివార్, ఘనా కోకో తోటల్లో 15.6 లక్షల మంది పిల్లలు పనిచేస్తున్నారని 2020లో ఒక అమెరికన్ విశ్వవిద్యాలయ పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. చాక్లెట్ కంపెనీలు దీన్ని ఆపుతామని సంతకం పెట్టింది 2001లో. మీరు చాక్లెట్ తినడం మానేస్తే రైతుకు గింజ ధర పెరగదు, ధర పెరగనిదే కూలి మనిషిని పెట్టుకోలేడు. మానకండి అనడం లేదు, మానితే చాలనుకోకండి అంటున్నాను.

జూన్ 12, జూన్ 16 రెండూ పిల్లల రోజులేనా?

జూన్ 12 బాల కార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా ప్రపంచ దినం, 2002 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ జరుపుతోంది. జూన్ 16 ఆఫ్రికా బాలల దినం. 1976లో ఆ రోజున దక్షిణాఫ్రికాలోని సొవెటోలో, తెల్లపాలకుల భాష అయిన ఆఫ్రికాన్స్‌లో చదవబోమని బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్చారు. ఆఫ్రికా దేశాల కూటమి 1991లో ఆ తేదీని పిల్లలకు ఇచ్చింది. ఈ ఉద్యమంలోని సంఘాలు ఊరేగింపులు తీసే రోజుల్లో అదొకటి, రెండోది మే డే.